కత్తెర తగలని కోటు

తడి గుడ్డ మీద ఇస్త్రీ పెట్టె... గుప్పున ఆవిరి. కాలీ కాలని నూలు వాసన.

మా కొట్టు వాసన అది. మా మేనత్త వాసన కూడా అదే.

నాన్నకి చెల్లెలు. నాన్న పోయాక నన్ను పెంచింది — ఊళ్ళోవాళ్ళ బట్టలు కుట్టి పెంచింది. నోరు మాత్రం సూది కన్నా పదును. గుచ్చితే రక్తం రాదు గానీ వారం రోజులు సలుపుతుంది.

కొట్టులో గోడకి ఒక కోటు వేలాడుతుండేది. కొలతలిచ్చి పోయిన పెద్దమనిషి మళ్ళీ రాలేదు. ఎవరిదని ఎవరైనా అడిగితే, "మా పెళ్ళికొడుకుదిలే, దారిలో ఉన్నాడు" అనేది పెళ్ళే చేసుకోని మా అత్త.

ఆ కోటు అస్తరు లోపలే మా డబ్బంతా ఉండేది.

ఖర్చులు పోను మిగిలింది అందులో పెట్టి, చేత్తో కుట్టేసేది. చిన్న చిన్న కుట్లు. చీమ కూడా దూరదు.

కావాలంటే విప్పుకోవచ్చు. తనైనా, నేనైనా. ఒక్కటే షరతు — కత్తెర తగలకూడదు.

"సూదితో ఒక్కో కుట్టూ విప్పు. విప్పేలోపు నీ కోరిక చల్లారలేదనుకో, అది నిజంగా కావాల్సిందే. వెళ్ళి కొనుక్కో."

డబ్బు గురించి ఆమె నాకు చెప్పింది అదొక్కటే.

ఎర్ర చెప్పుల కోసం ఒకసారి కూర్చున్నాను. విప్పుతూ... విప్పుతూ... జేబు దాకా వచ్చేసరికి మెడ పట్టేసింది. పాత చెప్పులు అంత పాతవేం కాదనిపించింది. మళ్ళీ కుట్టేశాను.

"డబ్బు మిగిలింది, కుట్టు చెడింది" అని నవ్వింది అత్త. నా వంకర కుట్లు విప్పి మళ్ళీ తనే వేసింది.

తనకీ అదే షరతు. ఒక చలికాలం శాలువా కోసం కూర్చుంది. రెండు వేళ్ళ మేర విప్పింది. "ఈ చలి ఎన్నాళ్ళుంటుందిలే" అని సూదిలో దారం ఎక్కించింది. ఆ చలి ఉన్నన్నాళ్ళూ దగ్గుతూనే ఉంది.

అప్పుడు నాకు కోపం రాలేదు. ఇప్పుడు వస్తోంది.

నిదానమే ప్రధానం అనేది అత్త. ఆలస్యం అమృతం విషం అని ఇంకో మాట కూడా ఉందని నాకు ఆసుపత్రిలో గుర్తొచ్చింది. అత్త కడుపులో గడ్డ అన్నాడు డాక్టరు. ఆపరేషను చేయాలన్నాడు. వెంటనే — అన్నాడు.

ఇంటికొచ్చాం.

అత్త కోటు దింపింది. ఒళ్ళో పెట్టుకుంది. సూది తీసింది.

ఒక కుట్టు... ఇంకో కుట్టు...

ఆగిపోయింది.

"ఈ డబ్బు కొట్టు గది కొనడానికి దాచానే. నీ పేరు మీద. నేనెన్నాళ్ళుంటానులే..."

దారం ఎక్కించింది. విప్పినంత మేరా మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది.

శాలువాని పక్కన పెట్టినట్టే తనని తాను పక్కన పెట్టేసుకుంటోంది.

నాకు ఏడుపొచ్చింది. అంతకన్నా ఎక్కువ కోపమొచ్చింది. ఒళ్ళోంచి కోటు లాక్కున్నాను. బల్ల మీది కత్తెర తీశాను.

"కత్తెరొద్దే! కూర్చో. విప్పుతూ ఆలోచించు."

"ఇందులో ఆలోచించడానికేముంది అత్తా?"

పుట్టి బుద్ధెరిగాక ఆమె మాట కాదనడం అదే మొదలు. అస్తరు మీద కత్తెర నోరు తెరుచుకునే ఉంది.

అత్త నా ముఖంలోకి చూసింది. తిడుతుందనుకున్నాను.

లేచింది. నా మణికట్టు పట్టుకుంది. కత్తెరని కాస్త పక్కకి జరిపింది.

"గుడ్డ మీద కాదు, కుట్టు వెంబడి కత్తిరించు" అంది. "మళ్ళీ కుట్టాల్సింది నేనే కదా."