నాలుగు ముక్కల చదువు

నలభై మూడేళ్ల మనిషి నోటుపుస్తకం పట్టుకుని చదవడం మొదలుపెడితే ఏ ఇంట్లోనైనా సంతోషిస్తారు. నగరిలో రెండు మరమగ్గాలు నడుపుకునే గంగాధరం ఇంట్లోనూ సంతోషించారు. నెలకొకసారి మరమ్మతుల పేరుతో పగలంతా కరెంటు తీసేస్తారు. మగ్గాలు ఆగిన అలాంటి ఒక రోజు పొద్దున అతడు అరుగు మీద కూర్చుని పెన్సిలుతో ఏదో రాసుకుంటూ ఉంటే, భార్య ప్రసన్నకుమారి టీ తెచ్చి పక్కన పెట్టి, అలికిడి కాకుండా లోపలికి వెళ్లిపోయింది.

"నన్ను అడుగు పాపా, తప్పు లేకుండా చెప్తాను," అన్నాడతడు ఇంటర్ చదువుతున్న కూతురు మహితతో.

"చేతికి ఎన్ని ముక్కలిస్తారు నాయనా?"

"నాలుగు. బల్ల మీద ఐదు. మొదట మూడు తిప్పుతారు, పందెం కాస్తారు. ఇంకొకటి తిప్పుతారు, మళ్లా పందెం. కడాకు ఇంకొకటి, మళ్లా పందెం."

"ఆట ఎట్ల కలపల్ల?"

"చేతిలోవి రెండు, బల్ల మీదివి మూడు. ఒకటి ఎక్కువ కాకూడదు, తక్కువా కాకూడదు."

మహిత చప్పట్లు కొట్టింది. చదువుతున్న మీరే చెప్పండి, ఆ పిల్ల తప్పేముంది? లెక్కల్లో క్లాసుకు ఫస్టు వచ్చే పిల్ల. నాయనకు కూడా లెక్కలంటే ఇష్టం పుట్టిందని మురిసిపోయింది.

ఒమాహా అనే ఈ పేకాటను ఆ వీధికి తెచ్చినవాడు బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల అంగడి పెట్టుకున్న హరినాథ్. చెన్నైలో నేర్చుకున్నాడట. కరెంటు లేని రోజుల్లో పనిలేని నేతగాళ్లను ఊరి బయట మామిడితోపులోని షెడ్డుకు పిలిచేవాడు. "రమ్మీ తలరాతప్పా. ఇది తెలివి. నీ మాదిరి బుర్ర ఉండేవాడు ఓడిపోయేది యాడ?" అనేవాడు. నువ్వు తెలివిగలవాడివి అంటే చాలు, ఎంతటివాడైనా జేబు తెరుస్తాడు. మొదటి మూడు నెలలు గంగాధరం చిన్న చిన్న పందేలు గెలిచాడు. గెలవనిచ్చారని వేరే చెప్పాలా?

నాలుగో నెల కరెంటు పోయిన రోజు అతడు బండి వెనక ఇరవై చీరల మూట కట్టుకుని బయల్దేరాడు. ఆ చీరలు అతడివి కావు. సొంతంగా నూలు కొనే స్తోమత లేని నేతగాడు సావుకారు దగ్గర పడుగు, అంటే నిలువు పోగుల నూలు, తెచ్చి మగ్గానికి ఎక్కించుకుంటాడు, నేసి ఇచ్చి కూలి తీసుకుంటాడు. కాగితం ఉండదు, సంతకం ఉండదు, అంతా నమ్మకమే. పద్దెనిమిదేళ్లుగా గంగాధరానికి పడుగు ఇస్తున్నది కుప్పయ్య. ఆయన పడుగు ఆపితే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. అది తెలిసీ గంగాధరం, మూట తర్వాత ఇద్దాంలే అని, ముందు తోపు దగ్గర బండి ఆపాడు.

మధ్యాహ్నానికి జేబు ఖాళీ. అప్పుడు చేతికి ఆటీన్ ఆసు వచ్చింది. మిగతా మూడు ముక్కలూ వేరే రంగులవి. బల్ల మీద ఒక్కొక్కటిగా నాలుగు ఆటీన్లు పడ్డాయి. ఒకే రంగు ముక్కలు ఐదు కలిశాయి, అందులో పెద్దది తనది, ఇక ఆట తనదే! ఎదుటివాడు పందెం పెంచాడు. గంగాధరం గబగబా బయటికి వెళ్లి మూట తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"సావుకారు సరుకు గదప్పా," అన్నాడు హరినాథ్. వద్దని మాత్రం అనలేదు.

"సాయంత్రానికి ఆయనకి ఇచ్చేస్తాను. సూడు నువ్వు."

ముక్కలు తిప్పారు. ఎదుటివాడి దగ్గర ఆటీన్ ఆరు, ఆటీన్ మూడు. గంగాధరం నవ్వుతూ డబ్బు మీద చేతులు వేశాడు. హరినాథ్ అతడి మణికట్టు పట్టుకున్నాడు.

"యాడికి? నీ చేతిలో ఉండేది ఒక్క ఆటీనే గదా. రెండు ఉండల్ల."

కూతురికి తప్పు లేకుండా అప్పజెప్పిన రూలే అది. ఆసు కళ్లబడగానే అంతా మరిచిపోయాడు. ఆశ ముందు ఏ రూలూ గుర్తుండదు. ఆ సంగతి షెడ్డు నడిపేవాళ్లకు బాగా తెలుసు.

మూట పందెంలో పోయిన సంగతి తెలిసి మర్నాడు పొద్దున్నే కుప్పయ్య వచ్చాడు. నేరుగా మగ్గాల దగ్గరికి వెళ్లి, కత్తెర తీసి, సగం నేసిన చీర పక్కనే పడుగును ఈ అంచు నుంచి ఆ అంచుకు కోసేశాడు. ఆ వీధిలో సావుకారు తన పడుగును తానే కోస్తే ఇక ఆ ఇంటికి ఎవరూ నూలు ఇవ్వరు. ప్రసన్నకుమారి ఆయన కాళ్ల మీద పడింది.

"నేను నేసి తీరుస్తానన్నా! ఒక్క మగ్గమన్నా వదులన్నా!"

"నీ మీద కోపం లేదు తల్లీ." కుప్పయ్య ఆమెను పైకి లేపాడు. "చీరలు పోతే మళ్లా నేసుకోవచ్చు. నమ్మకం ఏ మగ్గం మీద నేసేది? గంగాధరం, ముక్కలు కలిపేది నేర్చుకున్నావు. లేచి ఇంటికి వచ్చేది ఎవరన్నా నేర్పినారా? ఆ షెడ్డులో దాన్ని నేర్పరప్పా."

రెండో మగ్గం పడుగు కూడా కోసి, కళ్లు తుడుచుకుంటూ ఆయన వెళ్లిపోయాడు.

"నేనే అప్పజెప్పించుకున్నానమ్మా," అని మహిత వెక్కిళ్లు పెట్టింది. తల్లి ఆమెను దగ్గరికి తీసుకుంది.

గంగాధరం వేలాడుతున్న నూలు పోగుల ముందు తల వంచుకుని ఏదో గొణుగుతున్నాడు. ఏడుస్తున్నాడేమోనని మహిత దగ్గరికి వెళ్లి వంగింది.

"ఇంకొక్క ఆటీను... ఇంకొక్కటి ఉండింటే..." అంటున్నాడతడు.

పందెపు ఆట నేర్పుతానని వచ్చేవాణ్ణి గడప బయటే ఆపండి; ఆట నేర్చిన మనిషిని వెనక్కి తెచ్చుకోవడం ఆ ఇంట్లో ఎవరివల్లా కాలేదు.