మిగిలింది తినేవాళ్ళు

"అసలేం పెట్టి పెంచుతున్నావు పిల్లని?" భర్త కూర్చోకుండానే రక్తపరీక్ష కాగితాన్ని బల్ల మీదకి విసిరాడు. ఆమె చేతిలో గరిటె ఉంది. గరిటెలో మామగారి పళ్ళెంలోకి వెళ్ళాల్సిన రెండో గుడ్డు ఉంది.

నాలుగేళ్ళ కూతురికి నత్తి మొదలైనప్పటి నుంచీ ఇంట్లో ప్రతివాళ్ళూ వైద్యులే. "నువ్వు కసురుతావు, పిల్ల బెదిరిపోయింది" అని అత్తగారు. "మీ వైపు ఎవరికో ఉండే ఉంటుంది" అని ఫోన్లో ఆడపడుచు. "తల్లి ఉద్యోగాలు వెలగబెడితే ఇంతే" అని ఈ మహానుభావుడు. పిల్ల మాట కోసం పెనుగులాడుతుంటే మిగతాది వీళ్ళే పూర్తిచేసేస్తారు. పెళ్ళయినప్పటి నుంచీ ఆమె మాటలకీ అదే గతి.

పొద్దున డాక్టరమ్మ మాత్రం తొందరపడలేదు. "విటమిన్లు బాగా తక్కువున్నాయమ్మా. నత్తికి అదే కారణమని చెప్పలేను. సంబంధం ఉండొచ్చు, లేకపోనూవచ్చు. లోటు మాత్రం పూడ్చాలి. పాప ఎవరితో తింటుంది?"

"నాతోనేనండీ."

"మరి మీరేం తింటారు?"

ఆ ప్రశ్న ఆమెనెవరూ ఎప్పుడూ అడగలేదు. ముందు మగవాళ్ళు, తర్వాత అత్తగారు, బల్ల తుడిచాక ఆమె. తల్లి కూర్చుంటే తప్ప పిల్ల ముద్ద ముట్టదు. అప్పటికి గిన్నె అడుగున ఇంత పులుసు మిగులుతుంది. "అమ్మకూచి! ఇప్పుడే ఎంత ఓర్పో" అని అత్తగారు మురిసిపోయేది. ఓర్పట! ఆకలికి ఎంత మంచి పేరు పెట్టారు! ఆమెకి ఒళ్ళు మండిపోయింది. తన కడుపు మాడ్చుకోవడం తన ఖర్మ అనుకుంది. ఆ ఖర్మని పిల్లకి కూడా గోరుముద్దలు చేసి తినిపిస్తున్నానని ఈరోజుదాకా తెలియలేదు.

గరిటె వెనక్కి తిరిగింది. వంటింటి గుమ్మంలో ఎదురుచూస్తున్న పిల్లని ఎత్తి, ఖాళీగా ఉన్న భర్త కుర్చీలో కూర్చోబెట్టి, గుడ్డు దాని పళ్ళెంలో వేసింది. ఇంకోటి తనకి వేసుకుని పక్కనే కూర్చుంది.

"ఇదేం చోద్యం!" అంది అత్తగారు.

పిల్ల బెదురుగా చూసింది. "నా... నా... నా..."

"నాకొద్దు అంటోంది, తియ్యి" అన్నాడు భర్త.

"మీరు ఆగండి. దాన్ని చెప్పనివ్వండి."

ఆ గొంతు ఆ ఇంట్లో కొత్త. అందరూ ఆగారు. పళ్ళేల్లో అన్నం చల్లారుతోంది.

"నా... నాన్నకి మి... మిగలదేమో అమ్మా."

ఆమె గుడ్డు తుంచి పిల్ల నోట్లో పెట్టింది.

"మిగిలితేనే తింటార్లే, తల్లీ. ఇన్నాళ్ళూ మనం అలాగే తినలేదూ?"