గీతలు పడే అద్దం

గోదావరిఖని మార్కెట్లో గడియారాలు బాగుచేసే మొయినుద్దీన్ బల్ల మీద మూడు అద్దాలు పెట్టాడు. ఒకటి ప్లాస్టిక్, ఒకటి మామూలు గాజు, ఒకటి సఫైర్. వాటి పక్కనే ఓదెలు చేతి గడియారం. పోయినేడు బొగ్గుబాయిలో పైకప్పు కూలి ఓదెలు చనిపోయిన నాడు దాని అద్దం పగిలింది గానీ ముల్లు ఆగలేదు. దవాఖానలో భార్య సారక్క చేతిలో పెట్టేసరికి కూడా నడుస్తూనే ఉంది. గడియారానికి ఏం తెలుసు పాపం! మర్నాటిదాకా నడిచి, కీ ఇచ్చే మనిషి లేక ఆగిపోయింది.

ఆయన ఉద్యోగం కూతురు రవళికి వచ్చింది. రేపే మొదటి షిఫ్టు. బాయి లోపలికి సెల్లు తీసుకుపోనివ్వరు కాబట్టి నాన్న గడియారమే పెట్టుకుంటానంది.

"సఫైర్ వెయ్యి కాకా. బొగ్గు రాసుకున్నా గీత పడదట," అంది రవళి.

"గీత పడదు బిడ్డా. గానీ గట్టి దెబ్బ తగిల్తె పలుగుతది. ప్లాస్టిక్ అంత జల్ది పలగదు, గీతలే మస్తు పడ్తయి," అన్నాడు మొయినుద్దీన్.

కూతురి వెంట వచ్చిన సారక్క ప్లాస్టిక్ అద్దాన్ని ముందుకు జరిపింది.

"గిదే వెయ్యి భాయ్. గీతలకేంది, పడనియ్యి."

అద్దం బిగించి అతను కీ తిప్పబోతే, ఆమె గడియారం అందుకుని తనే తిప్పింది. ముల్లు కదిలింది.

"దీనికి కీ ఇచ్చుడు నువ్వు నేర్వకు బిడ్డా," అంది. "రోజు డ్యూటీ దిగి ఇంటికచ్చి, నా చేతికియ్యి. నేనిస్త."