రాయి వడగట్టిన గ్యాస్

మామగారింట్లో అందరి ముందూ పెద్దల్లుడు, "మా తోడల్లుడిది గాలి కొలిచే ఉద్యోగం" అని నవ్విన రోజు నుంచి చిన్నల్లుడు ఆ మాట మరిచిపోలేదు. చిన్నల్లుడు గ్యాస్ కంపెనీలో కెమిస్టు. ఖర్మకొద్దీ పెద్దల్లుడే అక్కడ మేనేజరు.

నేల పైపొరల్లో దొరికిన గ్యాస్ దాదాపు అంతా మీథేనే అని తేలగానే, పెద్దల్లుడు డైరెక్టర్ల ముందు ఛాతీ విరిచాడు.

"అడుగునా ఇదేనండీ. గ్యాస్‌లోంచి ద్రవం విడదీసే యంత్రాలు కొనడం దండగ."

చిన్నల్లుడు వినయంగా లేచాడు.

"తేలికైన మీథేన్ రాళ్ల సందుల్లోంచి ముందు జారుకుని పైకొస్తుందండి. బరువైన ప్రొపేన్, బ్యూటేన్ వెనకబడి అడుగునే ఉంటాయి. పైకి తీసేటప్పుడు అవి చల్లబడి ద్రవమవుతాయి. యంత్రాలు లేకపోతే ఆ ద్రవం పేరుకుని గొట్టాలు పూడుకుపోతాయి."

డైరెక్టర్లు పెద్దల్లుడి వంక అదోలా చూశారు.

బయటికి రాగానే పెద్దల్లుడు పళ్లు నూరాడు. "నిన్నంతా నా ఎదురుగానే కూర్చున్నావు కదయ్యా! ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చుగా?"

"నిన్న వినడానికి మీరొక్కరే ఉన్నారు కదా, అన్నయ్యా."