ఎదురు గీత

ఎడమచేతి రెండు వేళ్ళతో పొట్ట చర్మాన్ని పక్కకు లాగిపట్టి, కుడిచేత్తో బొడ్డు కిందుగా కత్తి నడిపిస్తున్నాడతను. నురగ కింద వెంట్రుకలు సన్నని చప్పుడుతో తెగుతున్నాయి. మంచంమీది లారీ డ్రైవరు ఊపిరి బిగబట్టి పైకప్పు వంక చూస్తున్నాడు.

"గాలి పీల్చుకో నాయనా. నేను కోసేది వెంట్రుకలే. అసలు కోత ఆ గదిలో ఉంది," అన్నాడతను.

డ్రైవరు నవ్వాడు. పొట్ట కదిలింది. కదులుతుందని ముందే తెలిసినట్టు కత్తి అప్పటికే గాలిలో ఉంది.

మగవాళ్ళ వార్డులో ఆపరేషన్‌కి వెళ్ళేవాళ్ళకు గీయడం అతని పని. జుట్టు పూర్తిగా నెరిసింది, వెన్ను కాస్త వంగింది, చేతులు మాత్రం ఇప్పటికీ వణకవు. ఆసుపత్రిలో అందరూ అతన్ని మెత్తచెయ్యి అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా పైకి విసుక్కునేవాడు, లోపల మురిసిపోయేవాడు.

"బాబాయ్, ఒక్క నిమిషం ఆపు."

నర్సు వచ్చి పక్కన నిలబడింది. ఒక జబ్బుతో వచ్చినవాళ్ళకు ఆసుపత్రిలో ఇంకో జబ్బు అంటకుండా చూడటం ఆమె ఉద్యోగం. ఎదురుపడ్డ ప్రతివాళ్ళనీ చేతులు కడుక్కున్నారా అని అడుగుతుంది కాబట్టి చాటుగా చేతులమ్మ అంటారు. పెద్ద సర్జన్ కూడా ఆమెను దూరంనుంచి చూస్తే చాలు, సబ్బు దగ్గరకు నడుస్తాడు. ఈవేళ ఆమె చేతిలో సెలూన్లలో వాడేలాంటి చిన్న మిషను, ఒక భూతద్దం ఉన్నాయి.

"ఇకమీదట కత్తి వద్దు. దీంతో వెంట్రుకలు కత్తిరిస్తే చాలు. అదీ ముందురోజు కాదు, లోపలికి తీసుకెళ్ళే ముందే."

"నా చేత్తో గాటు పడటం ఎప్పుడైనా చూశావా తల్లీ?"

ఆమె అతను గీసిన చోట నురగ తుడిచి, లైటు దగ్గరకు లాగి, భూతద్దం అతని చేతికిచ్చింది. అతను వంగి చూశాడు. అద్దంలా మెరుస్తుందనుకున్న చర్మం నిండా ఎర్రని చుక్కలు, వెంట్రుకకంటే సన్నటి చీలికలు. ఎంతో జాగ్రత్తగా గీసిన చోటే ఎక్కువున్నాయి.

"పైకి కనబడవు బాబాయ్. నీ చెయ్యి మెత్తనే. బ్లేడు మెత్తన కాదు. కోసేలోపు వాటిల్లో క్రిములు చేరి కాపురం పెడతాయి. కుట్లు చీము పట్టేది అందుకే... అందుక్కూడా."

"ఇది ఎప్పుడు కనిపెట్టారమ్మా?"

"చాలా ఏళ్ళయింది. పుస్తకాల్లో ఉంది. మన వార్డుదాకా రావడానికే ఇంతకాలం పట్టింది."

అతను మిషను అందుకుని మిగతా సగం కత్తిరించాడు. అది పురుగులా జుమ్మంటూ పొట్టి మొలకలు వదిలేసి పోతోంది. డ్రైవరు తల ఎత్తి చూసుకుని, "ఇదేంటి పెద్దాయనా, సగం తారు వేసి కాంట్రాక్టరు పారిపోయిన రోడ్డులా ఉంది నా పొట్ట! ఆ బ్లేడే పెట్టి నున్నగా గీసెయ్," అన్నాడు.

"వద్దు నాయనా," అన్నాడతను. డ్రైవరుకు ఆ గొంతు వినగానే మళ్ళీ భయం వేసింది.

నర్సు వెళ్ళబోతుంటే వరండాలో ఆపాడు.

"మా అన్నకి ఇక్కడే హెర్నియా కోశారు. ముందురోజు సాయంత్రం నేనే గీశాను. సొంత అన్న కదా అని పైనుంచి ఒకసారి, మళ్ళీ కిందనుంచి ఎదురు గీత. ఎవరికీ అంత శ్రద్ధగా గీయలేదు. కుట్లు పుచ్చాయి. రక్తంలోకి విషం పాకిందన్నారు."

"ఒక్క మనిషి విషయంలో ఇదే అని చెప్పలేం బాబాయ్. గాయంలోకి క్రిమి పోవడానికి నూరు దారులుంటాయి."

"అందులో ఇదొకటి."

ఆమె కళ్ళు దించుకుంది. "ఇదొకటి."

మధ్యాహ్నం ఇంటికెళ్ళేసరికి వదిన అన్నం వండి కూర్చునుంది. అన్న పోయిన దగ్గర్నుంచి ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు. అన్న కూతుర్ని ఇద్దరూ కలిసి పెంచి పెళ్ళి చేశారు. తన పెళ్ళి మాట అతనెప్పుడూ ఎత్తలేదు. వదిన అతనికి ముందు కంచం పెట్టి, తర్వాత తను తినేది. ఆపరేషన్ ముందునాటి సాయంత్రం సంగతి ఎవరడిగినా, "మా మరిది చంటిపిల్లాడికి చేసినట్టు చేశాడు," అని చెప్పేది.

చెప్పకుండా ఉండొచ్చు. రెండు ముద్దలు తిన్నాడు. మూడోది కంచంలోనే వదిలేశాడు. చెప్పేశాడు.

వదిన గరిటె గిన్నెలో పెట్టేసింది.

"నాకెందుకు చెప్పావు?"

అతను కంచం పక్కకు జరిపాడు.

"డాక్టరు మంచివాడే, అందరూ మంచివాళ్ళే, నా రాత అంతే అనుకున్నా. ఎవర్నీ తిట్టుకోకుండా ఇన్నేళ్ళు బతికా. ఇప్పుడు నిన్ను తిట్టుకోమంటావా అబ్బాయ్?"

"తిట్టు వదినా."

"నోరు రావట్లేదు. మనసు మాత్రం ఆగట్లేదు," అందామె. లేచి కంచాలు తీసింది.

అతను గుమ్మంలో కూర్చుని లోపలి చప్పుళ్ళు వింటూ ఉండిపోయాడు. ట్రంకుపెట్టె మూత తీసిన చప్పుడు. బట్టలు దులుపుతున్న చప్పుడు. కాసేపటికి చేసంచీతో బయటికొచ్చింది.

"అమ్మాయి దగ్గర కొన్నాళ్ళుండొస్తా."

ఎన్నాళ్ళని అతను అడగలేదు. సంచీ అందుకుని బస్టాండుదాకా ఆమె వెనకే నడిచాడు. పొద్దు వాలుతోంది. బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టి, సంచీ కాళ్ళ దగ్గర సర్ది, దిగొచ్చి కిటికీ చువ్వ పట్టుకు నిలబడ్డాడు. ఆమె అతని చేతినే చూసింది. దానిమీద చెయ్యి వెయ్యబోయి, మళ్ళీ ఒళ్ళో పెట్టుకుంది.

"పాలు కాచి మూత పెట్టాను. పడుకునే ముందు తాగు."

"అలాగే వదినా. పనికి మాత్రం రేపూ వెళ్తాను. ఆ మిషను ఇంకెవరికీ చేతకాదట."

"వెళ్ళు," అంది. "వెళ్ళకపోతే ఎలా?"

బస్సు కదిలింది. మలుపు తిరిగేదాకా ఆమె వెనక్కి చూస్తుందేమోనని నిలబడ్డాడు. చూడలేదు.

ఇల్లు చేరేసరికి చీకటి పడుతోంది. చేతులు కడుక్కుందామని పెరట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, మోచేతులదాకా సబ్బు రాసుకుని, గోళ్ళ సందుల్లో కూడా తోముకుని, చాలాసేపు నీళ్ళ కింద పెట్టి ఉంచాడు. ఆపి, తువ్వాలు కోసం తల ఎత్తాడు. గోడకున్న అద్దం పక్కన, మేకుకు వేలాడుతూ వదిన మరచిపోయిన దువ్వెన ఉంది. దాని పళ్ళ మధ్య మూడు నాలుగు తెల్లవెంట్రుకలు చిక్కుకుని గాలికి కదులుతున్నాయి.