టీవీ వెనకాల మనిషి

బ్రష్షుతో దులిపాడు. నోటితో ఉఫ్‌మని ఊదాడు. అయినా నల్లటి మెత్తటి దుమ్ము పిక్చర్ ట్యూబు మెడ చుట్టూ మిగిలే ఉంది. దాన్ని గుడ్డపీలికతో, పసిపిల్ల చెవి వెనక తుడిచినట్టు తుడిచాడు. తర్వాత టీవీ ముందు స్టూలు వేసి, దాని మీద అద్దం పెట్టి, అద్దాన్ని రెండు వేళ్లతో కాస్త వెనక్కి వంచి, తను వెళ్లి టీవీ వెనకాల పీట మీద కూర్చున్నాడు.

మెకానిక్ పని ఎప్పుడూ అలాగే మొదలయ్యేది. బొమ్మ వచ్చేది ముందు వైపు. తిప్పాల్సిన మరలు ఉండేది వెనక వైపు. రెండు చోట్లా ఒకేసారి ఉండటం మనిషికి చేతకాదు కనక అద్దం. జానెడు వెడల్పు, మూరెడు పొడుగు. ఒక మూల పూత రాలిపోయింది. ఎప్పుడో విరిగిన చట్రానికి ఎర్ర టేపు నాలుగు చుట్లు చుట్టి ఉంది.

నలభై ఏళ్లుగా అతను లోకాన్ని అందులోనే చూశాడు. వార్తలు చదివే ఆవిడ పాపిడి అతనికి అవతలి పక్కన ఉండేది. బంతి విసిరే వాళ్లంతా ఎడమచేతి వాటం వాళ్లే. ఒకసారి పేపర్లో ఆ వార్తలావిడ ఫోటో చూసి, "అచ్చులో తిరగేసి కొట్టారు వెధవలు" అన్నాడు. ఆ ముక్కని అతని భార్య చుట్టాలందరికీ చెప్పింది. ఇప్పటికీ చెబుతూనే ఉంది.

స్విచ్చి వేశాడు. ముందు టప్‌మని చిన్న చప్పుడు, తర్వాత సన్నటి కూత, వేడెక్కిన దుమ్ము వాసన. తెర దగ్గరికి చెయ్యి పెడితే వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. అద్దంలో చీమలు కనిపించాయి. తెల్లవీ నల్లవీ, తెర నిండా ముసురుకుని పాకుతున్న చీమలు. ఒకప్పుడు ఇళ్లలో చీమలు వచ్చాయంటే జనం డాబా ఎక్కి యాంటెన్నా తిప్పేవాళ్లు. ఇప్పుడు తిప్పినా వచ్చేదేమీ లేదు. గాలిలో పంపించేవాళ్లే మానేశారు.

"బతికింది" అన్నాడు.

వంటగది గుమ్మంలో నిలబడి ఉంది అతని భార్య. "అది బతికింది సరే, నీ సంగతేంటి? పొద్దున్నించీ ఆ ఎడమ భుజం నొక్కుకుంటూనే ఉన్నావు."

"నిన్న అటక మీంచి దించాను కదే. పట్టేసింది."

"బరువులెత్తొద్దని డాక్టరు నాకు చెప్పాడా, నీకు చెప్పాడా? నాకైతే ఎత్తమనే చెప్పినట్టున్నాడు, నిన్ను మోస్తూనే ఉన్నాను."

అతను నవ్వాడు. మనిషి సన్నం. టీవీల పక్కనుంచి ఒంగి ఒంగి చూసి నడుము కుడివైపుకి ఒరిగిపోయింది, నడుస్తుంటే ఎవరితోనో గుసగుసలాడుతున్నట్టు ఉంటాడు. వేళ్ల చివర్లు టంకం వేడికి కాలి కాలి మొద్దుబారాయి, వేడి టీ గ్లాసు అడుగున పట్టుకున్నా చురుక్కుమనదు. కళ్లజోడు కుడి అద్దం మీద సీసం చుక్క ఒకటి గట్టిపడి ఏళ్లు గడిచాయి. అది తీసేస్తే చూపు తేడా వస్తుందంటాడు.

వీధిలో అతని పేరు రేపు మామయ్య. టీవీ ఎప్పుడిస్తావని ఎవరడిగినా "రేపు" అనేవాడు. పిల్లలు వెక్కిరించడానికి మొదలుపెట్టారు, పెద్దలు ముద్దుగా అందుకున్నారు, చివరికి పోస్టుమాన్ కూడా అలాగే పిలిచాడు. అతను పట్టించుకోలేదు. ఒక్క మనిషి ముందు మాత్రం తల దించుకునేవాడు. ఆవిడ ఆ పేరుతో ఎప్పుడూ పిలవలేదు. అయినా అవతలి సందులోంచి ఆవిడ గొడుగు కనపడగానే గబుక్కున ఏదో ఒక టీవీ వెనక్కి వంగేవాడు.

ఆవిడ టీచరమ్మ. ఇప్పుడు బాగుచేసిన ఈ టీవీ ఆవిడదే. ఇరవై ఆరేళ్లుగా అతని అటక మీద ఉంది.

"ఇవాళైనా చెప్తావా?" అంది భార్య.

అతను స్క్రూడ్రైవర్ గుడ్డతో తుడిచి సంచిలో వేశాడు.

"ఇదిగో, వినబడుతోందా? టీవీ అక్కడ పడేసి, చెప్పాల్సింది చెప్పకుండా వచ్చావంటే గుమ్మం ఎక్కనివ్వను. ఇన్నేళ్లూ కడుపులో పెట్టుకుని నువ్వు చిక్కావు, నీ పక్కన పడుకుని నేను విన్నాను. చాలు."

"చెప్తాలే."

"రేపా?"

"ఇవాళే."

అతను చెప్పాల్సింది ఇదీ. టీచరమ్మ భర్త నీళ్ల ట్యాంకు దగ్గర వాల్వులు తిప్పేవాడు. ఏ వీధికి ఎప్పుడు నీళ్లు వదలాలో ఆ మనిషి చేతిలో ఉండేది. ఊళ్లో ఎవరికీ పట్టని పనులు చేసేవాళ్ల మీద టీవీవాళ్లు ఒక కార్యక్రమం తీస్తూ, ఒకరోజు వచ్చి అతనితో మాట్లాడి వెళ్లారు. ఏం మాట్లాడావని పెళ్లాం అడిగితే, "టీవీలోనే విను, ఇప్పుడే చెప్తే మజా ఏముంది" అన్నాడు. కార్యక్రమం ఏ ఆదివారం వస్తుందో తెలిసేసరికి ఆయన మంచం పట్టి ఉన్నాడు. ఆ వారంలోనే వాళ్ల టీవీ ఆగిపోయింది.

కాలిపోయింది చిన్న సామానే, లోపలి ట్రాన్స్‌ఫార్మర్. మెకానిక్ కొత్తది వేశాడు. శనివారం పొద్దున్నే బొమ్మ వచ్చింది, సాయంత్రం ఇంటికి పంపాలి. మధ్యాహ్నం పెద్ద హోటల్ వాళ్లు పరిగెత్తుకొచ్చారు. వాళ్ల టీవీకీ అదే జబ్బు, టీవీ కూడా అదే రకం. మర్నాడు పెద్ద ఆట ఉంది, ఊరంతా అక్కడే చూస్తుంది. ఇలాంటప్పుడు ఏ మెకానిక్ అయినా చేసే పనే అతనూ చేశాడు. ఈ టీవీలోది ఊడదీసి ఆ టీవీలో వేశాడు. ఆదివారం పొద్దుటి బస్సులో ఇంకొకటి వస్తుంది, పది నిమిషాల్లో బిగించేస్తే ఎవరికీ తెలియదు. బస్సు వచ్చింది. సామాను రాలేదు. టీచరమ్మ గుమ్మంలో నిలబడితే, ఆవిడ మొహం చూడకుండా "రేపు" అన్నాడు.

ఆయన బుధవారం పోయాడు. ఆవిడ టీవీ కోసం మళ్లీ రాలేదు. కొత్త ట్రాన్స్‌ఫార్మర్ తర్వాత వచ్చింది, కానీ దాన్ని ఆ టీవీలో పెట్టడానికి చెయ్యి రాక ఇంకెవరికో వేసేశాడు. ఆ తర్వాత ఆ రకం తయారు చెయ్యడమే ఆపేశారు. పోయిన నెల పాత ఇనుము కొట్లో, పగిలిన డబ్బాల కింద, అలాంటిది ఒకటి చెక్కుచెదరకుండా దొరికింది. దాన్ని జేబులో వేసుకుని, దారి పొడుగునా చేత్తో పట్టుకునే ఇంటికి వచ్చాడు.

అంతవరకైతే తప్పు ఒప్పుకోవడమే. దానికింద ఇంకొకటి ఉంది.

* * *

ట్రాలీ బండివాడు టీవీని ఎత్తి నడుం పట్టుకున్నాడు. "ఏం మామా, లోపల మనుషులు కూడా ఉన్నారా? ఇంత బరువేంటి?"

"ఒకాయన ఉన్నాడు. జాగ్రత్తగా దించు."

బండివాడికి అది హాస్యంలాగే వినిపించింది. పకపకా నవ్వాడు.

టీచరమ్మ ఇల్లు రెండు గదులు. ముందు గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకి అద్దంలాంటి పల్చటి టీవీ. అందులో స్క్రూడ్రైవర్ పెట్టడానికి చోటే ఉండదు. అది పాడైతే పారేస్తారు. ఆవిడ జుట్టు పూర్తిగా తెల్లబడింది గానీ, కళ్లజోడు పైనుంచి చూసే చూపు మాత్రం ఇంకా బడిలోదే.

"మెకానిక్ గారూ, ఇదేంటి?"

"మీ టీవీ అమ్మా. బాగైంది."

ఆవిడ టీవీని చూసింది, అతన్ని చూసింది. "ఇంత తొందరేం వచ్చిందండీ?" అంది.

బండివాడు మళ్లీ నవ్వాడు. మెకానిక్ నవ్వలేదు. ఆవిడే తగ్గి, "బల్ల మీద పెట్టించండి" అంది. బండివాడు పెట్టి, ఇంకో బేరం ఉందని వెళ్లిపోయాడు.

మెకానిక్ అలవాటుగా స్టూలు అడిగాడు. తెరకు ఎదురుగా వేసి, సంచిలోంచి అద్దం తీసి పెట్టి, రెండు వేళ్లతో వంచి, టీవీ వెనక్కి వెళ్లాడు. స్విచ్చి వేశాడు. టప్‌మంది, కూత వచ్చింది, దుమ్ము వాసన వచ్చింది. చీమలు వచ్చాయి.

"ఇప్పుడు దీంట్లో ఏమీ రాదమ్మా. ఇంతే."

"మరి ఎందుకు తెచ్చారు?"

"బాగుచేసి ఇస్తానన్నాను కదా."

ఆవిడ కాసేపు చీమల్నే చూసింది. "వెనకాల ఎందుకు నిలబడ్డారు, దొంగలాగా? ముందుకొచ్చి కూర్చోండి. అది ఆయన కుర్చీయే, ఏం ఫర్వాలేదు."

చేతుల కుర్చీ. మోచేతులు ఆనే చోట రంగు పోయి నున్నబడింది. మెకానిక్ వచ్చి అంచున కూర్చున్నాడు. తెర తిన్నగా మొహానికి ఎదురుగా ఉంది. పనిలో ఉండి టీవీ ముందు కూర్చోవడం అతనికి తెలియదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

"ఆ ఆదివారం, మీ టీవీ బాగైపోయే ఉందమ్మా" అన్నాడు. "నేనే దాంట్లోది ఊడదీసి హోటల్‌కి వేశాను."

 తెర వెలుగులో ఆవిడ మొహం తెల్లగా ఉంది. చీమలు హోరుమంటున్నాయి.

"తెలుసు" అంది. "హోటల్‌లో పనిచేసే అతను ఆయన్ని మోయడానికి వచ్చాడు. అప్పుడు అతనే చెప్పాడు. ఇరవై ఆరేళ్లు మీ కొట్టు ముందు నుంచి నడిచాను. ఒక్కసారైనా తలెత్తి చెప్తారేమోనని."

  మెకానిక్ ఎడమ భుజం నొక్కుకున్నాడు.

"ఇంకోటి కూడా ఉందమ్మా. ఆయన్ని నేను చూశాను."

"ఎక్కడ?"

"టీవీలో. ఆ ఆదివారం హోటల్‌లో బొమ్మ దొర్లుతోందని పిలిచారు. ఆటకి ముందు ఆ కార్యక్రమమే వస్తోంది. జనం గోల, కుర్చీల కోసం తోపులాట, ఎవడూ చూడలేదు. నేను వెనకాల కూర్చుని అద్దంలో చూశాను. చెవి టీవీకి ఆనే ఉంది, ప్రతి మాటా విన్నాను."

టీచరమ్మ పక్క కుర్చీలో కూర్చుంది. 

"ఏ చొక్కా వేసుకున్నాడు?"

"గీతల చొక్కా. కుడి బుగ్గ మీద పుట్టుమచ్చ."

"ఎడమ బుగ్గ మీద."

"అవునమ్మా. అద్దంలో చూశాను కదా."

అప్పుడు నమ్మింది ఆవిడ.  "చెప్పండి. ఆయన అన్నది అన్నట్టు చెప్పండి. మీ మాటలు కలపొద్దు."

అతనికి కలపాల్సిన అవసరం లేదు. ఇరవై ఆరేళ్లుగా లోపల తిప్పి తిప్పి అరగదీసుకున్న మాటలు. కళ్లు తెర మీదే పెట్టి, అక్కడ ఆ మనిషి కనపడుతున్నట్టే చెప్పాడు.

"మీరొకరోజు రాకపోతే ఏమవుతుందండీ అనడిగాడు ఆ మైకు పట్టుకున్నాయన. 'ఊరు మొహం కడుక్కోదు' అన్నాడు, నవ్వాడు. ముందు ఏ వీధికి వదుల్తారు, మీ వీధికేనా అంటే... 'లేదండీ. మా వీధి ఆఖరు. ముందు వదిలితే నలుగురూ నాలుగు మాటలంటారు. నీళ్లొచ్చేదాకా మా ఇంటావిడ ఖాళీ బిందెతో కూర్చుంటుంది. బడికి ఆలస్యమవుతుంది, హెడ్మాస్టరు చీవాట్లేస్తాడు. అయినా ఇరవై ఏళ్లలో ఒక్కరోజు, మన వీధికి ముందు వదలవయ్యా అని అడగలేదండీ. ఊళ్లో అందరూ నీళ్లు నేనిస్తున్నాననుకుంటారు. ఆవిడ ఓర్చుకుంటే వస్తున్నాయండీ.' అంతేనమ్మా. తర్వాత ఆట మొదలైంది."

చీమలు హోరుమంటూనే ఉన్నాయి.

టీచరమ్మ కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకుంది.  ఆవిడ మాటలో నవ్వూ ఏడుపూ కలిసిపోయి ఉన్నాయి.

"అబద్ధాలకోరు. అడిగాను. ఒకసారి అడిగాను. మా అమ్మకి ఒంట్లో బాగోలేనప్పుడు. 'చూద్దాంలే' అని వెళ్లి, ఆ రోజు కూడా ఆఖర్నే వదిలాడు. నెల రోజులు మాట్లాడలేదు నేను." చెయ్యి తిరగేసి కళ్లు తుడుచుకుంది. "ఊరందరి ముందు నన్ను మంచిదాన్ని చేశాడు చూడండి. ఇంట్లో ఒక్కనాడు అనలేదు."

"వినిపిద్దామనే దాచాడమ్మా. నేనే..."

"మీరు చెప్పారు కదా ఇప్పుడు." ఆవిడ లేచింది. "కూర్చోండి. టీ పెడతాను. చక్కెర వెయ్యొచ్చా?"

"సగం చెంచా."

వంటగదిలోంచి గిన్నె చప్పుడు వినిపించింది. నీళ్లు పట్టిన చప్పుడు వినిపించింది. ఆవిడ అక్కణ్నుంచే గట్టిగా మాట్లాడుతోంది, బడిలో వెనక బెంచీకి వినపడేలా: ఆ గీతల చొక్కా తనే కొన్నానని, మెడ దగ్గర బిగుతని ఆయన సణిగేవాడని, ఆరోజు అదే వేసుకున్నాడంటే ఆశ్చర్యంగా ఉందని. మెకానిక్ మొదట ఊఁ కొట్టాడు. కుర్చీలో వెనక్కి జారగిలబడ్డాడు. ఒరిగిన నడుముకి ఆ కుర్చీ సరిగ్గా అమరింది. తెర వెలుగు మొహం మీద ఆడుతోంది. ఇంత దగ్గరగా, ఇంత తిన్నగా చూస్తే చీమలు కూడా బాగున్నాయి. ఎవడూ వాటిని సరిచెయ్యక్కర్లేదు.

రెండోసారి ఊఁ కొట్టలేదు.

టీ పట్టుకొచ్చిన టీచరమ్మ, అలిసి నిద్రపోయాడనుకుని, గ్లాసు బల్ల మీద పెట్టి మూత పెట్టింది. చల్లారిపోతుందేమోనని పిలిచింది. తర్వాత మణికట్టు పట్టుకుని చూసింది. టీవీ ఆపలేదు. ఎందుకు ఆపలేదో ఆవిడకీ తెలియదు.

కబురంది భార్య వచ్చేసరికి ఎండ తగ్గింది. బండివాడు వెనకాలే వచ్చి గుమ్మం బయట నిలబడిపోయాడు. ఆవిడ కుర్చీ దగ్గర నేల మీద కూర్చుని, అతని కళ్లజోడు తీసింది. సీసం చుక్కని గోటితో ఒకసారి తడిమింది.

"చెప్పాడా?" అనడిగింది.

"చెప్పాడమ్మా. అంతా చెప్పాడు."

"అయితే రానీ ఇంటికి" అంది. "ఇన్నాళ్లకి ముందు కూర్చున్నావా, మహానుభావా."

అతన్ని తీసుకెళ్లారు. స్క్రూడ్రైవర్లు, టంకం కడ్డీ, బ్రష్షు సంచిలో వేసి బండివాడు భుజాన తగిలించుకున్నాడు. స్టూలు మీది అద్దం ఎవరికీ గుర్తు రాలేదు. టీచరమ్మకు గుర్తుంది, కానీ ఆవిడ ముట్టుకోలేదు. వెళ్లి టీవీ ఆపింది. చీమలన్నీ నడిమికి ముడుచుకుని ఒక్క తెల్లటి చుక్కయ్యాయి, ఆ చుక్క కాసేపు నిలబడి ఆరిపోయింది. తెరకు ఎదురుగా అద్దం అలాగే ఉంది, మూల పూత రాలి, చట్రానికి ఎర్ర టేపుతో, టీవీ వెనకాల కూర్చునే మనిషికి సరిగ్గా కనపడేలా కొంచెం వెనక్కి వంచి.