ఎండుద్రాక్ష డబ్బా

"రెండు థెరపీలూ మంచివే, మీరే తేల్చుకోండి," అన్నాడు డాక్టరు, మేమేదో కర్టెన్ల రంగు ఎంచుకుంటున్నట్టు.

ఆటిజం ఉన్న మా నాలుగేళ్ల పాపని రెండు సెంటర్లకీ తీసుకెళ్లాం. ఒకచోట టీచరు నేలమీద కూర్చుని, పాప ఏ ఆట ఆడితే తనూ అదే ఆడింది. ఇంకోచోట బల్ల ముందు కూర్చోబెట్టి, చెప్పినట్టు చేసినప్పుడల్లా ఎండుద్రాక్ష ఇచ్చారు. అక్కడే నా ఫొటో చూపిస్తే, పాప మొదటిసారి "అమ్మ" అంది.

"మాట వచ్చిందిగా, ఇంకా ఆలోచనేంటి?" అన్నాడు మా ఆయన.

"అది నన్నే పిలిచిందంటావా?"

"కోడిగుడ్డు మీద ఈకలు పీకకు."

ఇంటికొచ్చాక పాప నా కుట్టుమిషను కింద కూర్చుని దారపుకండె దొర్లిస్తోంది. పక్కన కూర్చుని నేనూ ఒకటి దొర్లించాను. పాప తన కండె తీసుకుని గోడవైపు తిరిగింది. చేతులు చాచి పిలిచాను. తిరగలేదు.

లేచి ఎండుద్రాక్ష డబ్బా తెచ్చాను. మూత చప్పుడుకే పరుగెత్తుకొచ్చింది.

"అమ్మ," అంది, డబ్బాలోకి చూస్తూ.

గుమ్మంలో మా ఆయన కళ్లు తుడుచుకున్నాడు. పాప పిలిచింది నన్ను కాదని నాకు తెలుసు. తెలిసీ, ఆ మాట మళ్లీ వినాలని ఇంకో ద్రాక్ష తీసి పట్టుకున్నాను.